నమూనా ఫోల్డర్లో అన్నయ్య

మా వదిన తుమ్మితే ఒకటితో ఆగదు. ఆగిందనుకుని మనం మాట అందుకునేసరికి మళ్ళీ ఒకటి వస్తుంది. మా ఇంటి మనుషులకు తప్ప ఇంకెవరికీ అక్కర్లేని సంగతి ఇది. అలాంటిది తేనెటీగల పెంపకం మీద ఒకాయన రాసిన పుస్తకంలో, రాణీ ఈగను గుర్తుపట్టే విధానం అయిపోయి పేజీ తిప్పగానే, ఆ తుమ్ములు నాకు ఎదురయ్యాయి.

నేను ప్రూఫులు దిద్దుతాను. అప్పుడు కిటికీ పక్కన, పట్టపగటి వెలుతురులో కూర్చుని ఉన్నాను. పేజీలో ఇలా ఉంది: "ఇవాళ కంప్యూటర్లోకి కొత్త అక్షరాలు వచ్చాయి. వరస కుదిరిందో లేదో చూడాలి. పక్క గదిలో ఆవిడ తుమ్ముతోంది. లెక్కపెట్టడం ఎప్పుడో మానేశాను. ఆగాక మంచినీళ్ళు తీసుకెళ్ళాలి. ఇప్పుడే తీసుకెళితే గ్లాసు ఒలకబోసుకుని నన్నే అంటుంది. కింద తాళాలాయన ఆకురాయి పట్టాడు. ఇంకో రెండు వాక్యాలు రాస్తే పేజీ నిండుతుంది. ఇదొకటి. ఇది రెండోది."

పెన్ను కింద పెట్టేశాను. ఆ మాటలు రాసింది మా అన్నయ్య. అతను పోయి అప్పటికి ఏడాది దాటింది.

నా నోరు మంచిది కాదని అందరూ అంటారు. అబద్ధమేం కాదు. భయమేసినా, ఏడుపొచ్చినా, ఆకలేసినా నాకు ముందు వచ్చేది కోపమే. ఆ కాగితాలు పట్టుకుని సందు దాటి, తాళాలాయన కొట్టు పక్కనున్న ఇనప మెట్లు తిట్టుకుంటూ ఎక్కాను. మేడ మీద రెండు గదులు. ఒకదాంట్లో కాపురం, ఒకదాంట్లో పని. పని గదిలో వదిన కంప్యూటరు ముందు కూర్చుని, అచ్చు తీసిన ఒక పేజీని తలకిందులుగా పట్టుకుని చూస్తోంది. అలా పట్టుకుంటే మాటలు కనబడవు, వాటి మధ్య తెల్ల ఖాళీలు ఎక్కడ వదులయ్యాయో అవే కనబడతాయి. అన్నయ్య నేర్పిన కిటుకు.

"ఏంటిది వదినా? తేనెటీగల్లోకి మా అన్నయ్య ఎలా వచ్చాడు?"

ఆవిడ కాగితం అందుకుంది. చదవలేదు, ఒక్క చూపు చూసింది అంతే. తర్వాత నెమ్మదిగా, పక్క గదిలో ఎవరో నిద్రపోతున్నట్టు గొంతు తగ్గించి అడిగింది. "వచ్చారా?"

ఇక్కడ కాస్త పని సంగతి చెప్పాలి, లేకపోతే నేనేదో దెయ్యం కథ అల్లుతున్నానని అనుకుంటారు. అన్నయ్యది పుస్తకాలు కూర్చే పని. రచయితలు ఇచ్చిన రాతను కంప్యూటర్లో పేజీలుగా అమర్చి అచ్చాఫీసుకు పంపేవాడు. అతను వాడిన ప్రోగ్రాములో పేజీ అప్పటికప్పుడు కంటికి కనబడదు. కంపైల్ చెయ్యమంటే అది ఫైళ్ళన్నీ తెచ్చుకుని, కాసేపు తనలో తను గొణుక్కుని, అప్పుడు పుస్తకాన్ని చేతిలో పెడుతుంది. గొణిగినంతసేపూ చుట్టూ బోలెడు చెత్త ఫైళ్ళు రాలుస్తుంది. ఆ చెత్త రచయిత రాతలో కలిస్తే అన్నయ్యకు ఒళ్ళు మండేది. అందుకని రాత ఒక ఫోల్డర్లో పెట్టి, కూర్పు మరో ఫోల్డర్లో చేసేవాడు. "కూరగాయలు తరిగిన చోటే కంచం పెట్టుకుంటామా?" అనేవాడు.

కూర్పు జరిగే ఫోల్డర్లో చిన్న ఫైలు ఒక్కటే ఉంటుంది. ఒకటో అధ్యాయం తీసుకురా, రెండోది తీసుకురా అని అందులో వరసగా చెప్పి ఉంటుంది. ఎక్కడినుంచి తేవాలో కూడా చెప్పి ఉంటుంది. ముందు ఈ రచయిత ఫోల్డర్లో వెతుకు, అక్కడ దొరక్కపోతే నమూనా అనే ఫోల్డర్లో వెతుకు. ఎందుకంటే రచయితలన్నవాళ్ళు చెప్పిన రోజుకి అన్ని అధ్యాయాలూ ఇచ్చిన పాపాన పోరు. అలా రాని అధ్యాయం స్థానంలో నమూనా ఒకటి వచ్చి కూర్చుంటే పుస్తకం రూపు తెలుస్తుంది. అసలుది రాగానే నమూనా తప్పుకుంటుంది. ఆ నమూనాలకు మిగతావాళ్ళు అర్థంపర్థం లేని మాటలు వాడతారు. అన్నయ్యకు ఆ గోల చూస్తే తలనొప్పి. అందుకని తనే ఏదో ఒకటి రాసి పెట్టుకున్నాడు. ప్రతి అధ్యాయం నంబరుకూ ఒకటి. వాన పడితే వాన, కరెంటు పోతే కరెంటు.

అతను ఉన్నప్పుడు నమూనా ఉన్న పేజీలు నాదాకా వచ్చేవి కావు. తీసేసి పంపేవాడు. వదినకు ఆ అలవాటు లేదు. తేనెటీగలాయన ఏడో అధ్యాయం ఇవ్వలేదు. ప్రోగ్రాము పాపం చెప్పినట్టు చేసింది. పక్క ఫోల్డరుకు వెళ్ళి మా అన్నయ్యను పిలుచుకొచ్చింది.

"మరి తెరిచి చూడొచ్చుగా? ఆ ఫోల్డర్లో ఇంకెన్ని ఉన్నాయో?" అన్నాను.

"చూడను."

"ఏం, కరుస్తుందా?"

"తెరిస్తే ఒక్కరోజులో చదివేస్తానే మిరపకాయ్. ఆపుకోలేను. అప్పుడిక ఏం మిగులుతుంది? ఇలా ఆయనంతట ఆయన వస్తే రానీ."

మిరపకాయ అంటే నేనే. పెళ్ళై వచ్చిన కొత్తలోనే వదిన నాకు పెట్టిన పేరు. ఆడపడుచుకు భయపడే మనిషి కాదు ఆవిడ. పెళ్ళికి ముందు బట్టలు కుట్టే కార్ఖానాలో కాజాలు కుట్టేది. గుండీకీ గుండీకీ మధ్య దూరం చూపుతోనే పట్టేసేది. అన్నయ్య ఒకసారి సరదాకి ఒక పేజీ చూపించి ఏం బాగాలేదో చెప్పమంటే, "ఈ వరస పక్క వరసకన్నా బిగించి కుట్టారు" అందట. ఆ రోజు నుంచి పక్కన కుర్చీ వేసి కూర్చోబెట్టుకున్నాడు. పట్టికలూ, బొమ్మలూ, దిద్దుబాట్లూ ఆవిడవి, మిగతాది అతనిది. అన్నయ్య ఆ ఇనప మెట్ల మీదే, అచ్చాఫీసు నుంచి వస్తూ, గుండె పట్టుకుని కూలబడిపోయాడు. దినాలు గడిచాక వదిన వచ్చి అతని కుర్చీలో కాకుండా తన కుర్చీలోనే కూర్చుని, చెయ్యి చాపి అందుకున్నంత మేర పని చేసింది. రచయితలు ఆవిడకు పేజీలమ్మ అని పేరు పెట్టుకున్నారు. అన్నయ్య కుర్చీ మాత్రం ఖాళీగా అలాగే ఉంది. ఒకసారి కాళ్ళు పీకుతుంటే అందులో కూలబడబోయాను. "అందులో కాదు" అంది. కోపంగా అనలేదు. అందుకే నాకు ఒళ్ళు జలదరించింది.

తేనెటీగల తర్వాత ఒక ఒప్పందం కుదిరింది. అన్నయ్య ఎప్పుడు వచ్చినా ఆ పేజీ ఒకటి అచ్చు తీసి నాకు పంపుతుంది. "నీకూ అన్నయ్యే కదా" అంది. ఆ తర్వాత కంపైల్ చేసే వేళకు నేను ఏదో వంక పెట్టుకుని మేడ మీదే ఉండేదాన్ని. వదిన మీట నొక్కుతుంది. యంత్రంలో పంకా వేగం పుంజుకుంటుంది. తెర మీద మాటలు వరసలు వరసలుగా పైకి పాకుతుంటాయి, ఒకటో అధ్యాయం దొరికింది, రెండోది దొరికింది అని. ఒక్కోసారి మధ్యలో తటపటాయిస్తుంది. రచయిత ఫోల్డర్లో వెతికింది, దొరకలేదు, పక్కదానికి పోతోంది. ఆ తటపటాయింపులో గదిలోకి ఎవరో అడుగుపెట్టినట్టుండేది. నిజం చెబుతున్నాను. వదిన పైట సర్దుకునేది. నేను తలుపు వైపు చూసేదాన్ని. కింద తాళాలాయన ఆకురాయి కూడా అప్పుడే ఆగినట్టనిపించేది. ఆగేది కాదనుకోండి, ఆ మనిషి ఎప్పుడు ఆపాడు గనక!

మెల్లగా నాకు ఇంకో సంగతి అర్థమైంది. వదిన రచయితలను ఏరుకుంటోంది. సమయానికి ఇచ్చేవాళ్ళంటే ఆవిడకు పడటం లేదు. ఒక బడిపంతులు గారు లెక్కల పుస్తకం మొత్తం, మొదటి పేజీ నుంచి జవాబుల దాకా, శుభ్రంగా తయారుచేసి తెచ్చారు. ఆయన్ని చూస్తే ఎవరైనా కాళ్ళకు మొక్కాలి. ఈవిడ మొహం చిట్లించి, "అన్నీ ఒకేసారి పట్టుకొచ్చేస్తే ఎలాగండీ? ఒకటీ అరా మీ దగ్గరే ఉంచుకోండి, నిదానంగా ఇద్దురుగాని" అంది. ఆయన బిత్తరపోయి నా వంక చూశారు. నేను మాత్రం ఏం చెప్పను?

చిన్న పుస్తకాల వల్ల లాభం లేకపోయింది. ఎన్ని పుస్తకాలైనా ఆ మొదటి కొన్ని నంబర్లే, మళ్ళీ అవే నమూనాలు. తుమ్ములూ, గొడుగు మర్చిపోయిన వానా, ఎలుక కొరికిన తీగా మాకు కంఠతా వచ్చేశాయి. అయినా వచ్చిన ప్రతిసారీ వదిన మొదటిసారి చదివినట్టు చదివేది.

అలాంటి పాతదే ఒకటి కొంప ముంచబోయింది. కుట్టుపని పాఠాల పుస్తకంలో ఆలస్యంగా వచ్చిన ఒక అధ్యాయాన్ని ఫోల్డర్లో వెయ్యడం మరిచిపోయి, వదిన అలాగే అచ్చుకు పంపేసింది. మర్నాడు పొద్దున్నే అచ్చు మేస్త్రీ ఫోన్ చేశాడు. "అమ్మగారూ, చొక్కా కాలరు కత్తిరించే చోట ఎవరో వానలో గొడుగు మర్చిపోయారండీ. అలాగే ఉంచెయ్యమంటారా?"

మేస్త్రీ కళ్ళున్న మనిషి కాబట్టి బతికిపోయాం. నేను మేడెక్కి ఎడాపెడా వాయించాను. "నీ సరదా పాడుగాను, ఇలాంటిది ఒక్కటి బయటికి పోతే ఇంక ఎవరైనా మన గుమ్మం తొక్కుతారా? ఆ నమూనా దారి తీసిపారెయ్. ఫోల్డరు విడిగా దాచుకో. కావాలంటే నేను దాస్తాను."

"దారి తీసేస్తే ఆయన ఎటునుంచి వస్తారే?" అంది వదిన.

అసలు నిజం ఏమిటంటే, అరిచానే గానీ, ఆవిడ సరేనని ఆ దారి మూసేస్తుందేమోనని లోపల హడలిపోయాను. నాకూ అతను రావాలి. వదినకన్నా నాకే ఎక్కువ రావాలి.

ఎందుకో కూడా చెబుతాను. మా అన్నయ్య నన్ను పెంచాడు. అమ్మా నాన్నా లేకపోతే తనే జడలేశాడు, తనే బళ్ళో వేశాడు, ఎర్రపెన్ను చేతికిచ్చి తప్పు పట్టడం తనే నేర్పాడు. అతను కూర్చిన ప్రతి పుస్తకం నా చేతుల మీదుగా పోయింది. ఇన్నేళ్ళలో నేను దిద్దిన కాగితాలు తిరిగి ఇచ్చినప్పుడల్లా అతనన్న మాట ఒక్కటే, "సరే". బాగుందనలేదు. బాగాలేదని కూడా అనలేదు. నేను కష్టపడితే చూశాడో లేదో తెలియదు. నా గురించి ఆ మనిషి మనసులో ఏముందో నాకు తెలియకుండానే వెళ్ళిపోయాడు. ఇప్పుడు చూస్తే ఆ నమూనాల్లో ఎలుకకు చోటుంది, తాళాలాయనకు చోటుంది, ఆవిడ తుమ్ములకు చోటుంది. నాకు లేదు. వచ్చిన ప్రతి పేజీలో నేను వెతికింది నా కోసమే. ఒక్క ముక్క చాలు. తిట్టినా సరే.

ఇదంతా వదినకు చెప్పానా అంటే చెప్పలేదు. చచ్చినా చెప్పను.

అలాంటప్పుడు నీళ్ళాయన వచ్చాడు. ఊరికి నీళ్ళు పంచే శాఖలో పెద్ద ఇంజనీరుగా చేసి రిటైరైనాయన. గొట్టాల గురించి, చెరువుల గురించి, పాత పంపుల గురించి కుప్పలు తెప్పలుగా రాస్తున్నానన్నాడు. ఎన్ని అధ్యాయాలవుతుందని అడిగితే, "మొదలెట్టాను కదండీ, అది ఎటు పారితే అటు పోతుంది" అన్నాడు. పైగా నెలకొకటి కన్నా ఎక్కువ ఇవ్వలేనన్నాడు. వదిన ఆయనకు మంచి కుర్చీ తుడిచి వేసింది.

ఆ పుస్తకంతో అన్నయ్య మళ్ళీ కొత్తగా రావడం మొదలుపెట్టాడు. ఎప్పుడూ చూడని నంబర్లు, ఎప్పుడూ చదవని మాటలు. ఒకదాంట్లో చెయ్యి కాలి మందు రాసుకుంటున్నాడు. ఒకదాంట్లో వదిన కొత్త చెప్పులు కరుస్తున్నాయని ఒట్టి కాళ్ళతో మెట్లు దిగింది. ఒకదాంట్లో ఏమీ లేదు, "పరీక్ష పరీక్ష పరీక్ష" అని పేజీ నిండా ఉంది. అది చదివి కూడా వదిన కళ్ళు తుడుచుకుంది. "ఆ రోజు ఒంట్లో బాగుండి ఉండదు" అంది. మధ్యలో నీళ్ళాయనకు ఎందుకో బుద్ధి పుట్టి కొన్ని అధ్యాయాలు వరసగా సమయానికి తెచ్చి ఇచ్చేశాడు. ఆ నంబర్లలో అన్నయ్య ఏం రాసుకున్నాడో తెలియకుండా పోయింది. వదినా నేనూ ఆయన్ని మనసులో తిట్టుకున్నాం.

ప్రతిసారీ నా కాగితం తీసుకుని కిటికీ దగ్గరకు పోయేదాన్ని. పైనుంచి కిందికి చదివేదాన్ని. నేను లేను. మళ్ళీ చదివేదాన్ని. లేను.

ఇక పుస్తకం చివరికొస్తోందనగా ఒక మధ్యాహ్నం వదిన తనే సందు దాటి మా ఇంటికొచ్చింది. ఆవిడ రాక రాక వస్తుంది. కాగితం నా చేతిలో పెట్టి, "వచ్చారు, చూడు" అని, కూర్చోమన్నా కూర్చోకుండా వెళ్ళిపోయింది.

పేజీలో ఇలా ఉంది: "ఇవాళ చెల్లి ప్రూఫులు తెచ్చింది. మెట్లెక్కడం మొదలుపెట్టేటప్పుడే తిట్టడం మొదలుపెడుతుంది. పైకొచ్చేసరికి సగం కోపం దిగిపోతుంది. జుట్టులో ఎర్రపెన్ను, మెడలో కళ్ళజోడు తాడు. తను చూసిన పేజీని నేను మళ్ళీ చూడను. చూడక్కర్లేదు. బాగుందని చెప్పాలని నోటిదాకా వస్తుంది. చెబితే ఏడుస్తుంది. అది ఏడిస్తే నేను తట్టుకోలేను. అందుకని సరే అంటాను."

ఏం చెప్పను! నేల మీద కూర్చుని చిన్నపిల్లలా ఏడ్చాను. ఎంత పిచ్చి మనిషివిరా అన్నయ్యా, ఒక్కసారి అనొచ్చు కదా, ఏడిస్తే ఏడ్చేదాన్ని కదా అని పైకే అన్నాను. ఆ కాగితాన్ని దిండు కింద పెట్టుకున్నాను. కొన్నాళ్ళపాటు నేను నేను కాదు. కూరలావిడ తూకంలో మోసం చేస్తే నవ్వి ఊరుకున్నాను. మెట్లు తిట్టకుండా ఎక్కుతుంటే తాళాలాయన కొట్టులోంచి తల బయటికి పెట్టి, "ఒంట్లో బాగుండటం లేదా అమ్మా?" అని అడిగాడు.

అతను వస్తున్నాడన్న భయం కూడా పోయింది నాకు. ఇల్లు ఊడుస్తుంటే వెనక నిలబడ్డట్టుంటే, నిలబడనీ అనుకునేదాన్ని. ఇంతకాలం ఖాళీ కుర్చీలో ఉన్నవాడు ఇప్పుడు నా గుమ్మంలో ఉన్నాడు. నన్ను చూడ్డానికి వచ్చినవాడంటే నాకేం భయం?

తర్వాత ఒకరోజు పొద్దున్నే ఎండలో కూర్చుని కళ్ళద్దాలు తుడుచుకుంటున్నాను. ఎదురుగా ఆ కాగితమే ఉంది, ఎన్నోసారో చదువుదామని తెచ్చుకున్నాను. కళ్ళజోడు పెట్టుకోబోతే దాని తాడు చెవి దుద్దుకు చిక్కుకుంది. విడదీసుకుంటూ ఆ తాడును చూశాను.

అన్నయ్య ఉన్న రోజుల్లో నా కళ్ళజోడుకు తాడు లేదు. పెట్టెలో పెట్టుకునేదాన్ని. అతను పోయాక ఆ దుఃఖంలో ఎక్కడ పడితే అక్కడ పారేసుకుంటుంటే, కళ్ళజోళ్ళ కొట్టాయన విసుగొచ్చి, ఇక పోగొట్టుకోకండి అని తాడు కట్టి మెడలో వేశాడు. నా మెడలో తాడును మా అన్నయ్య ఎన్నడూ చూడలేదు.

ముందు ఒళ్ళంతా గగుర్పొడిచింది. చూస్తున్నాడా అనుకున్నాను. పోయాక కూడా నన్ను చూసి రాస్తున్నాడా అని ఒక్క క్షణం, దేవుడి సాక్షిగా, నమ్మాను. ఆ తర్వాత వదిన ఆ రోజు కూర్చోకుండా వెళ్ళిపోయిన తీరు గుర్తొచ్చింది.

మెట్లెక్కి వెళ్ళాను. వదిన పని చేసుకుంటోంది. తల తిప్పకుండానే, "తిట్టకుండా ఎక్కుతున్నావు, ఇంకా తగ్గలేదా?" అంది నవ్వుతూ.

కాగితం ఆవిడ ముందు పెట్టి, కళ్ళజోడు తీసి దాని మీద పెట్టాను. ఆవిడ తాడును చూసింది. నవ్వు పోయింది. కింద ఆకురాయి గీ పెడుతూనే ఉంది.

"నువ్వే రాశావు" అన్నాను.

"నేనే రాశాను."

"రాసి ఆయన ఫోల్డర్లో పెట్టావు."

"ఆయన రాసినవి ఎక్కడ ఆగిపోయాయో దాని తర్వాత నంబరు వేసి పెట్టాను."

అప్పుడు నాకు వచ్చింది చూడండి కోపం, అది మామూలుది కాదు. "ఎవరు రాయమన్నారు నిన్ను? నేనడిగానా? నా అన్నయ్య గొంతుతో నన్ను బుజ్జగించడానికి నువ్వెవరు? నేనంత గతిలేనిదాన్నా? పోనీ, మనం చదవని ఆ నంబర్లలోంచి ముందు ముందు నిజంగా నా గురించి రాసింది వచ్చేదేమో! అప్పుడేం చేసేదానివి?"

"రాదే" అంది వదిన.

"నీకెలా తెలుసు?"

ఆవిడ చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. "తెరిచి చూశాను."

నాకు వెంటనే ఎక్కలేదు. ఏమిటి తెరిచింది? ఈవిడేనా? పక్కనే ఇన్నాళ్ళూ ఉన్నా ఆ ఫోల్డరు మీద చెయ్యి వెయ్యని మనిషి, ఒక్కో పేజీ కోసం బద్ధకస్తులైన రచయితలను వెతుక్కున్న మనిషి.

"అన్నీ చదివేశావా?"

"అన్నీ."

"ఒకేసారి?"

"భోజనం చేసి కూర్చున్నాను. దీపాలు పెట్టే వేళకి అయిపోయారు."

"అయ్యో వదినా!" అన్నాను. "నీకేం మాయరోగం? బతికినన్నాళ్ళూ వచ్చేవి కదా! ఎందుకు చదివావు?"

"నీ కోసం వెతకాలి కదా. వెతక్కుండా రాయకూడదనిపించింది. నిజంగా ఆయన రాసి ఉంటే అదే ముందుకు తెచ్చి పెడదామనుకున్నా. ఒక్కోటి తెరవడం, చెల్లి అన్న మాట కోసం చూడటం. మధ్యలో ఆపేద్దామనుకున్నాను. ఏమో, దీని తర్వాత దాంట్లో ఉందేమోనని ఇంకోటి తెరిచాను. అలాగలాగ చివరిదాకా పోయాను." తెర వైపు ఒకసారి చూసి, మళ్ళీ అంది. "లేదే మిరపకాయ్. ఎక్కడా లేదు. నా గోలే ఉంది అంతా."

"నేను నీతో ఎప్పుడైనా అన్నానా, నా గురించి కావాలని?"

"అనాలా? ప్రతి కాగితమూ చదివేసి, తిప్పి వెనకవైపు కూడా చూసేదానివి. ఖాళీ వైపు. ఎన్నాళ్ళని చూస్తూ ఊరుకోను?"

నేనలా చూసేదాన్నని నాకే తెలియదు.

వదిన కుర్చీ పక్కన నేల మీద చతికిలపడ్డాను. ఆవిడ మోకాలి మీద తల పెట్టి ఏడ్చాను. నా గురించి రాయనందుకు కాదు. అది కూడా ఉంది, లేదనను. కానీ ఈ మనిషి తన మొగుణ్ణి ఒక్క పూటలో ఖర్చు పెట్టేసింది నా కోసం. తోడబుట్టినవాడు రాయనిది పరాయింటి నుంచి వచ్చిన పిల్ల కూర్చుని రాసింది.

"ఎందుకు రాయలేదు వదినా? ఒక్క ముక్క రాస్తే ఏం పోయేది?"

"నాకు తెలీదు. అబద్ధమైనా ఫరవాలేదంటే ఇంకోటి రాసిస్తాను. తెలీదు అంతే."

"ఇది మాత్రం అబద్ధం కాదా?"

"అది ఆయన రాయలేదు. అంతవరకు అబద్ధం" అంది. "సరే అని నిన్ను పంపేసి, నువ్వు మెట్లు దిగేదాకా కిటికీలోంచి చూస్తూ నిలబడేవారు. అది నేను చూశాను. పక్కనే కూర్చున్నాను కదా. ఎందుకలా నిలబడేవారో నేను రాశాను."

చాలాసేపటికి ఇద్దరం తేరుకున్నాం. వదిన లేచి మొహం కడుక్కుని వచ్చింది. కంప్యూటరు ముందు కూర్చుంటూ, "నీళ్ళాయన మధ్యలో సమయానికి ఇచ్చేసిన అధ్యాయాలున్నాయి చూడు, ఆ నంబర్లు నువ్వు చదవలేదు. నాకైతే అయిపోయారు. నీకింకా ఉన్నారు. అచ్చు తీసిస్తాను, తీసుకుపో" అంది. నేను మాట్లాడేలోపే మీట నొక్కేసింది. ప్రింటరు ఒక్కో కాగితమే బయటికి తోసింది. ఆవిడ వాటి వంక చూడకుండా, బోర్లా తిప్పి, అంచులు కలిపి నా చేతికిచ్చింది.

"ఇప్పుడే చదువు. నేను వింటాను" అంది.

"వద్దు" అన్నాను.

"ఏం?"

"నేను కూడా చదివేస్తే ఇంక ఎవరికీ మిగలడు వదినా."

ఆవిడ లేచింది. అన్నయ్య కుర్చీ నా వైపు జరిపింది. అందులో కూర్చున్నాను, కాగితాలు ఒళ్ళో పెట్టుకుని. అవి ఇప్పటికీ మా ఇంట్లో ఉన్నాయి. నేనింకా చదవలేదు.